పాత్రలు కుదిరాయి సరే, షరతు ఏది?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. విజయవాడలో ఓ వ్యాపార కుటుంబం. పెదనాన్న కొడుకులు దొంగ కేసు బనాయించి ఆస్తి లాగేసుకుంటే, ఐదుగురు అన్నదమ్ములు హైదరాబాద్ పారిపోయి, పేర్లు మార్చుకుని బతుకుతుంటారు. దీన్ని వెబ్ సిరీస్‌గా రాస్తున్నారు. పెద్దాయన ధర్మరాజు, హోటల్లో వంటవాడిగా చేరిన రెండోవాడు భీముడు, ఇలా అందరికీ జతలు కుదుర్చుకున్నారు. స్క్రీన్‌ప్లే కోర్సులో నేర్పిన ‘హీరోస్ జర్నీ’ పన్నెండు మెట్లూ వరసగా పేర్చుకున్నారు. అయినా మూడో ఎపిసోడ్ దాటాక బండి కదలడం లేదు. పురాణ కథని ఇప్పటి కథలోకి తెచ్చుకునే పద్ధతి ఏమైనా ఉందా అన్నది మీ ప్రశ్న.

చాలా ఏళ్లుగా కథా చర్చల్లో కూర్చుంటున్నవాణ్ణి. ‘ఇది కర్ణుడి లైన్ సార్’, ‘మోడరన్ రామాయణం అండీ’ అన్న మాటలు వినని వారం ఉండదు. అలా అన్నవాళ్లని నేను అడిగేది ఒకటే: బాగుంది, మరి షరతేంటి? చాలామంది దగ్గర దానికి జవాబుండదు. పాత్రలకి జతలు మాత్రం తడుముకోకుండా చెప్తారు. మీ కథ ఆగింది కూడా అక్కడే అనుకుంటున్నాను.

పన్నెండు మెట్ల సంగతి ముందు తేల్చేద్దాం. జోసెఫ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ పండితుడు 1949లో రాసిన పుస్తకం దానికి మూలం. ‘స్టార్ వార్స్’ తీసిన జార్జ్ లూకస్ తన మీద ఆయన ప్రభావం ఉందని చెప్పుకున్నాక హాలీవుడ్‌లో దానికి గిరాకీ పెరిగింది. తర్వాత క్రిస్టఫర్ వోగ్లర్ దాన్ని పన్నెండు మెట్లకి కుదించాడు, కోర్సుల్లో చెప్పేది అదే. అంతకు ముందే, 1928లో, వ్లదిమీర్ ప్రాప్ అనే రష్యన్ పండితుడు జానపద కథల్ని విడదీసి, అన్నిట్లో కలిపి 31 రకాల ఘట్టాలే ఉన్నాయని తేల్చాడు. ఇవి తప్పని నేననను. ఇల్లు వదిలి వెళ్లి, ఏదో సాధించి, వేరే మనిషై తిరిగొచ్చే కథకి అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి. మన కథల్లో చాలావాటికి ఇంజన్ మాత్రం వేరే చోట ఉంటుంది. ఎవరో మాట ఇస్తారు. వరం ఇస్తారు, శాపం పెడతారు, పందెం కాస్తారు. దానికి నిబంధనలుంటాయి. కథంతా ఆ నిబంధనలకీ మనుషుల కోపతాపాలకీ మధ్య పెనుగులాట. దశరథుడు ఎప్పుడో ఇచ్చిన రెండు వరాలు తీసేయండి, రామాయణం అయోధ్య పొలిమేర దాటదు.

హిరణ్యకశిపుడి కథ చూడండి. పగలు కాదు రాత్రి కాదు, ఇంట్లో కాదు బయట కాదు, మనిషి చేతిలో కాదు మృగం చేతిలో కాదు. వరం కోరుకున్నప్పుడే కథ ముగింపు అందులో దాక్కుని ఉంది. నిబంధనల మధ్య సందు ఎక్కడుందో వెతకడమే కథ. 1932లో వచ్చిన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఈ కథే. ఇవాళ కోర్టు థ్రిల్లర్లో లాయరు చట్టంలో లొసుగు పట్టుకుని విలన్ని ఇరికిస్తే మనం ఈలేస్తాం కదా, ఆ లాయరు చేసే పని స్తంభంలోంచి వచ్చిన నరసింహుడు చేసినదే. ఎవరూ ఆ సినిమాని ‘మోడరన్ ప్రహ్లాద’ అనరు, అనక్కర్లేదు కూడా.

ఇక మీ కథ విరాటపర్వం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే తెలుగువాళ్లకి ఈ పర్వంతో ఉన్న చుట్టరికం మామూలుది కాదు. తిక్కన భారతం మొదలుపెట్టింది ఇక్కడినుంచే. వానలు పడకపోతే ఊళ్లలో విరాటపర్వం చదివించే ఆచారం ఉండేది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభివారు వేసిన మొదటి నాటకం ‘కీచకవధ’. 1910ల చివర్లో మద్రాసులో నటరాజ మొదలియార్ తీసిన దక్షిణాది తొలి మూకీ సినిమా పేరు కూడా ‘కీచకవధం’. సురభి నాటకం, దక్షిణాది సినిమా రెండూ ఒకే ఘట్టంతో మొదలయ్యాయి. అది కాకతాళీయమే అనుకున్నా, ఆ ఘట్టంలో జనాన్ని కట్టిపడేసే సరుకుంది కాబట్టే దాన్ని ఎంచుకుని ఉంటారు.

ఆ సరుకు మారువేషం కాదని నా వాదన. పాండవులు జూదంలో ఓడిన పందెం నిబంధన ఏంటి? పన్నెండేళ్లు వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. ఆ ఏడాదిలో ఎవరైనా గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవికి. ఈ చివరి వాక్యం ఉంది చూశారూ, దాన్ని తీసేస్తే వలలుడి పేరుతో ఉన్న భీముడు ఓ మంచి వంటవాడు, బృహన్నలగా ఉన్న అర్జునుడు ఓ నాట్యాచార్యుడు, అంతే. అది ఉంది కాబట్టే వంటింట్లో భీముడు గరిటె తిప్పుతున్నా మనకి టెన్షన్.

ఆ సభ ఘట్టం ఒకసారి దగ్గరగా చూడండి. విరాటుడి రాణి సుదేష్ణ పురమాయిస్తే, సైరంధ్రి పేరుతో ఉన్న ద్రౌపది మద్యం తేవడానికి కీచకుడి ఇంటికి వెళ్తుంది. వాడు చెయ్యి పట్టుకుంటాడు. విడిపించుకుని నేరుగా రాజసభకి పరుగెత్తుతుంది. వాడు వెంటపడి, నిండు సభలో, రాజు ముందే తన్నుతాడు. రాజు నోరెత్తడు, వాడు బావమరిది, సేనాపతి కూడా. సభలో కంకుభట్టు వేషంలో ధర్మరాజు ఉన్నాడు, వలలుడూ ఉన్నాడు. భీముడి చూపు దగ్గర్లో ఉన్న పెద్ద చెట్టు మీద పడుతుంది. పీకి అందరినీ చావగొట్టేస్తాడు, ఇంకో క్షణం ఆగితే. అప్పుడు ధర్మరాజు అంటాడు, ఏమయ్యా వంటవాడా, కట్టెల కోసం ఈ చెట్టు కేసి చూస్తున్నావా, కట్టెలు కావాలంటే బయట చెట్లున్నాయి, అక్కడ కొట్టుకో అని. సభలో వాళ్లకి అది వంటచెరుకు గురించిన మాట. భీముడికి అది అన్న ఆజ్ఞ. ద్రౌపదికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది? కీచకుడు తనని తన్నడం చూస్తూ కూడా తన మొగుడు కట్టెల గురించి మాట్లాడుతున్నాడు! ఒకే డైలాగు ముగ్గురికి మూడు రకాలుగా తగులుతుంది. మన పరిశ్రమలో ‘సీన్ పండింది’ అంటారే, ఇంతకన్నా పండిన సీను నేను చూడలేదు. ఇదంతా ఆ ఒక్క షరతు పుణ్యం.

ఆ తర్వాతి వరస ఇంకా ముఖ్యం. ఆ రాత్రి ద్రౌపది వంటింటికి వెళ్లి భీముణ్ణి లేపుతుంది. నర్తనశాలలో, చీకట్లో, చప్పుడు లేకుండా పని పూర్తవుతుంది. గంధర్వులు చంపారని ఊరంతా నమ్ముతుంది. కానీ కీచకుడంతటి వాణ్ణి రాత్రికి రాత్రి అలా చంపగలిగేది ఎవరు? ఆ కబురు హస్తినకి చేరగానే దుర్యోధనుడి అనుమానం విరాటుడి మత్స్యదేశం మీద పడుతుంది. దక్షిణాన సుశర్మ, ఉత్తరాన కౌరవులు ఆవుల్ని తోలుకుపోవడానికి వస్తారు. అంటే ద్రౌపది పరువు కాపాడుకోవడానికి చేసిన పనే వాళ్ల గుట్టు బయటపెట్టే దాకా తెచ్చింది. ఒక ఘట్టం ఇంకో ఘట్టాన్ని కంటుంది. ‘బాగుంది, తర్వాత?’ అని అడిగే అవసరం ఇక్కడ రాదు.

ఇంక మన కమర్షియల్ సినిమా దగ్గరికి రండి. రజనీకాంత్ ‘బాషా’ 1995లో వచ్చింది, అరవం నుంచి డబ్బింగే అయినా తెలుగువాళ్లు సొంతం చేసుకున్నారు. ఆటో నడుపుకునే మాణిక్యాన్ని స్తంభానికి కట్టేసి కొడుతుంటే నవ్వుతూ దెబ్బలు తింటాడు. తండ్రికి ఇచ్చిన మాట అడ్డం. అది కంకుభట్టు సభ. చెల్లెలి జోలికి వచ్చాక ఆగడు, అది నర్తనశాల. ‘సమరసింహారెడ్డి’ (1999)లో హోటల్లో పనిచేసే అబ్బులు, ‘ఇంద్ర’ (2002)లో కాశీలో మామూలు మనిషిలా బతికే శంకర్ నారాయణ, ఇదే దారి. ఆ వరసలో తర్వాత లెక్కలేనన్ని వచ్చాయి. సగం దాకా ఎవరో అనామకుడు, ఇంటర్వెల్ దగ్గర అసలు పేరు, సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్.

ఇంటర్వెల్ బ్యాంగ్ అనేది ఎవరో సినిమావాళ్లు కనిపెట్టిందని అనుకుంటారు. ఉత్తర గోగ్రహణం తీసి చదవండి. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేన కనపడగానే రథం దిగి పరుగు లంకించుకుంటాడు. ఇది కామెడీ ట్రాక్. బృహన్నల వెంటపడి పట్టుకొచ్చి, జమ్మిచెట్టు ఎక్కించి ఆయుధాలు దింపిస్తాడు. నేనే అర్జునుణ్ణి అంటే కుర్రాడు నమ్మడు. అర్జునుడికి పది పేర్లున్నాయట, అవి చెప్పు, ఎందుకొచ్చాయో కూడా చెప్పు అంటాడు. అర్జునుడు ఒక్కో పేరూ దాని వెనక కథా చెప్తాడు. ఎలివేషన్ అంటే అదీ! ఉరుము ఉరిమినప్పుడు మా అమ్మమ్మ ‘అర్జున ఫల్గుణ పార్థ కిరీటి’ అనుకునేది, మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. దసరాకి తెలంగాణలో బంగారమని జమ్మి ఆకు చేతిలో పెట్టుకుంటాం. ఈ ఘట్టం మన ఒంట్లో అంతగా ఇంకిపోయింది కాబట్టే, హీరో దాచిన కత్తి తీసేసరికి హాలు ఊగిపోతుంది.

మరి అదే పద్ధతిలో తీసినవి అన్నేసి ఎందుకు పడుకున్నాయి? వాటిలో హీరో ఎందుకు దాక్కున్నాడో అడిగి చూడండి. ‘ఫ్లాష్‌బ్యాక్ కోసం’ తప్ప జవాబు దొరకదు. గుర్తుపడితే పోయేదేమీ లేదు, కాబట్టి గుర్తుపడకపోతే మనకొచ్చే ఉత్కంఠా లేదు. భీముడు ఎప్పుడంటే అప్పుడు చెట్టు పీకొచ్చు అంటే ఇక ఆ చెట్టుని సభలో పెట్టడం దండగ.

షరతు మీద పట్టున్న కథకి పేర్లు ఏవైనా ఫరవాలేదనడానికి ‘ఆర్ ఆర్ ఆర్’ (2022) మంచి ఉదాహరణ. అందరూ దాన్ని రామాయణం వైపు నుంచి చూస్తారు. రాముడున్నాడు, సీత ఉంది, అడవిలో రాముడి విగ్రహం దగ్గరి విల్లంబులు తీసుకోవడం ఉంది. హనుమంతుడు సీత కబురు రాముడికి తెస్తే, ఇక్కడ తిరగేసి, సీతే రాముడి సంగతి భీమ్‌కి చెప్తుంది, చెరలో ఉన్నది రాముడు. ఈ తిరగేయడం ముచ్చటగానే ఉంటుంది. కానీ కథని మోసింది విరాటపర్వం. ఇద్దరు హీరోలూ అజ్ఞాతవాసంలో ఉన్నారు. భీమ్ ఢిల్లీలో అఖ్తర్ అనే మెకానిక్. రామ్ బ్రిటిష్ పోలీసు యూనిఫాం వేసుకున్న విప్లవకారుడు, ఊళ్లో ప్రతి చేతికీ తుపాకీ అందిస్తానన్న మాటకి కట్టుబడ్డవాడు. బయటపడితే ఏళ్ల తరబడి చేసినదంతా బూడిద. అందుకే స్నేహితుణ్ణి జనం ముందు తన చేత్తో కొరడాతో కొట్టాల్సి వస్తుంది. ఆ సీనుకి తాత ఎక్కడున్నాడో మీకు ఇప్పుడు తెలుసు. విరాటుడి కొలువులో కట్టెల గురించి మాట్లాడిన అన్నగారు.

‘బాహుబలి’ గురించి రెండు ముక్కలే. చెయ్యి సరిగా లేనందుకు రాజ్యం దక్కని బిజ్జలదేవుడు, ధృతరాష్ట్రుడు అని పోలిక చెప్పడం తేలికే. అసలు పని చేసింది కట్టప్ప. 2015 నుంచి 2017 దాకా దేశమంతా ఒకే ప్రశ్న వేసుకుంది, వాడు బాహుబలిని ఎందుకు చంపాడని. జవాబు సింహాసనానికి కట్టుబడ్డ మాట. హస్తినలో భీష్ముడి పరిస్థితీ అదే.

కర్ణుడి లైన్ సంగతి కూడా అంతే. మణిరత్నం ‘దళపతి’ (1991) లో పసిబిడ్డని గూడ్సు బండిలో వదిలేయడం, హీరో పేరు సూర్య, కలెక్టరు తమ్ముడి పేరు అర్జున్, ఇవి అందరూ చెప్పుకునేవి. ఆ కథని నిలబెట్టినది రుణం. తనకి ఊరూ పేరూ లేనప్పుడు అండగా నిలిచిన దేవాని, కన్నతల్లి ఎదురొచ్చినా వదలలేకపోవడం. భారతంలో కుంతి అడిగినప్పుడు కర్ణుడు కూడా దుర్యోధనుణ్ణి విడిచి రాడు, అర్జునుడో నేనో, నీకు ఐదుగురు కొడుకులు మిగులుతారు అని లెక్క చెప్పి పంపిస్తాడు. సినిమాలో చివరికి చనిపోయేది దేవా, సూర్య బతుకుతాడు. ఎవరు చనిపోవాలన్నది మార్చారు, రుణాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఏది మార్చొచ్చో ఏది మార్చకూడదో తెలిసినవాళ్ల పని అది.

జానపదానికీ ఇదే సూత్రం. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఇప్పుడు ఆ చిలక పెన్‌డ్రైవ్ అయింది. విలన్ గుట్టంతా అందులో ఉంటుంది, క్లైమాక్స్‌లో దాని పీక నొక్కుతారు. (ఈ చిలక తరచుగా ఏ కాపలా లేకుండా సొరుగులో దొరుకుతుంది, ఆ ఏడు సముద్రాలు ఏమయ్యాయో రచయితలే చెప్పాలి.)

సినిమాలే చెప్తున్నానని అనుకోవద్దు. నా దృష్టిలో ఈ పనిని అందరికన్నా గొప్పగా చేసినవాడు కవి, జాషువా. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు కుబేరుడి శాపం వల్ల ఏడాదిపాటు భార్యకి దూరమై, మబ్బు చేత కబురు పంపుతాడు. 1941లో ‘గబ్బిలం’ రాసిన జాషువా ఆ చట్రాన్నే తీసుకున్నాడు. శాపం మారింది. ఇక్కడ కబురు పంపేవాడు ఆకలితో ఉన్న అంటరానివాడు, పంపేది శివుడికి. మబ్బు ఎందుకు కాదు, గబ్బిలమే ఎందుకు? ఈ మనిషికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. దేవుడి చెవి దగ్గరే వేలాడుతుంది. ఆ ఒక్క మార్పుతో విరహ కావ్యం దేశాన్ని నిలదీసే కావ్యమైంది. యక్షుడి శాపానికి ఏడాది గడువుంది, ఇతని శాపానికి గడువు లేదు. ఇదీ షరతు మార్చడమంటే. రచయిత్రి ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖనీ అహల్యనీ ఊర్మిళనీ కలుస్తుంది. రామాయణంలో ఒకరికొకరు శత్రువులుగానో దూరపువాళ్లుగానో ఉండాలన్న కట్టుబాటుని ఆవిడ తెంపేసింది. పాత కథ మొహం మీద కొత్త రంగు వేయడం కన్నా ఇది చాలా పెద్ద పని.

సరే, మీ అన్నదమ్ముల దగ్గరికి వద్దాం. వాళ్లు దొరికిపోతే ఏమవుతుంది? మీరు రాసిన దాని ప్రకారం అరెస్టు. అది చాలదు. అరెస్టయితే బెయిలొస్తుంది, ఒక ఎపిసోడ్‌లో తేలిపోతుంది. పందెంలో ఉన్నంత మొండి నిబంధన కావాలి, అదీ ఇవాళ్టి లోకంలోంచి రావాలి.

మీది ఆస్తి తగాదా కాబట్టి చట్టంలోనే వెతకండి. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం హక్కుదారుణ్ణని చెప్పి స్థిరాస్తి స్వాధీనం కోసం దావా వేయడానికి గడువు 12 ఏళ్లు. పన్నెండు! వ్యాసుడు నవ్వుకుంటాడు. ఇంకోటి, ఏడేళ్లపాటు మామూలుగా కబురు తెలియాల్సిన వాళ్లకి కూడా ఒక మనిషి కబురు తెలియకపోతే, అతను బతికే ఉన్నాడని రుజువు చేసే బాధ్యత ఉన్నాడన్నవాళ్ల మీదే పడుతుంది. సాక్ష్య చట్టంలో ఉన్న సంగతే. సహవారసుల మధ్య ఆస్తి విషయం ఇంత సూటిగా ఉండదు, రాసే ముందు ఒక సివిల్ లాయరు దగ్గర కూర్చోండి. కానీ కథకి దీన్లో ఎంత బలముందో చూడండి. భారతంలో కనపడితే ఓటమి. మీ కథలో కనపడితే దొంగ కేసు, కనపడకపోతే కాగితాల మీద చావు. పెదనాన్న కొడుకులు వీళ్లని వెతకరు. వెతకకపోవడమే వాళ్లకి లాభం. ఏడో ఏడు పూర్తయ్యే లోపు బయటకి రావాలి, ఆ లోపు దొరకకూడదు. ఇప్పుడు ప్రతి ఆధార్ లింకూ, ప్రతి సిమ్ కార్డూ, పిల్ల స్కూలు ఫారంలో తండ్రి పేరు గడీ మీకు సీనే.

గడువు లెక్క మీద తగాదా కూడా పెట్టుకోండి. బృహన్నల గాండీవం మోగించగానే అజ్ఞాతవాసం పూర్తికాకుండానే దొరికాడని దుర్యోధనుడు సంబరపడితే, భీష్ముడు లెక్క తీస్తాడు. ఐదేళ్లకి రెండు అధికమాసాలు, పదమూడేళ్లలో ఐదు నెలల పన్నెండు రోజులు ఎక్కువొచ్చాయి, గడువు దాటిపోయింది అని. యుద్ధరంగంలో క్యాలెండర్ మీద వాదన! మీ కోర్టు సీనుకి ఇంతకన్నా ఏం కావాలి.

గుట్టు బయటపడ్డాక కూడా షరతులు అయిపోవు. యుద్ధం గెలిచాక విరాటుడు కొడుకుని పొగుడుతుంటే, బృహన్నల ఉండగా గెలవకేం అంటాడు కంకుభట్టు. రాజుకి ఒళ్లుమండి పాచికలు మొహాన కొడతాడు, ముక్కులోంచి రక్తం. ద్రౌపది గిన్నె తెచ్చి ఆ రక్తం నేల మీద పడకుండా అందులో పట్టుకుంటుంది. యుద్ధంలో తప్ప అన్నగారి రక్తం ఎవరు చిందించినా ప్రాణాలతో వదలనని అర్జునుడి ప్రతిజ్ఞ. అందుకే ముందు ఉత్తరుణ్ణి ఒక్కణ్ణే పంపమని, బృహన్నలని ఆపమని ద్వారపాలకుడి చెవిలో చెప్తాడు ధర్మరాజు. తనని కొట్టినవాణ్ణి కాపాడటానికి. ఇలాంటి చిన్న చిన్న ప్రతిజ్ఞలు మీ ఐదుగురి మధ్య కూడా వేయండి, చివరి ఎపిసోడ్లకి పనికొస్తాయి.

పేర్లలో ధర్మ, భీమ, అర్జున్ తీసేయండి. మొదటి ఎపిసోడ్‌లోనే ప్రేక్షకుడు భారతాన్ని పట్టేస్తే మిగతా తొమ్మిదింటిలో వాడు మీకన్నా ముందు నడుస్తాడు. పన్నెండు మెట్ల కాగితం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. టీటీడీవాళ్లు తాత్పర్యాలతో వేసిన కవిత్రయ భారతం ఉంది, అందులో విరాటపర్వం ఒక్కటి చదవండి, పద్యం కొరుకుడు పడకపోతే తాత్పర్యమే చదవండి.

తర్వాత హోటల్ సీను రాయండి. రెండోవాడు వంటింట్లో ఉన్నాడు, పెద్దాయన్ని అదే హోటల్లో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చోబెట్టండి. ఓనరు బావమరిది, సాయంత్రం రద్దీలో, అందరూ చూస్తుండగా వీళ్ల ఇంటి ఆడమనిషి మీద చెయ్యి చేసుకుంటాడు. వంటవాడి చెయ్యి ఏదో ఒకదాని మీద పడుతుంది. అప్పుడు క్యాష్ దగ్గరున్న అన్న బిల్లు గురించో గ్యాస్ సిలిండర్ గురించో ఒక మాట అంటాడు. ఆ మాట కస్టమర్లకి ఒకలా, తమ్ముడికి ఒకలా, ఆమెకి ఇంకోలా వినపడాలి. నాలుగో ఎపిసోడ్‌ని అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.